మడత వదలని ఉత్తరాలు

బాబాయి ఇనుప ప్రెస్సు చక్రాన్ని ఇంకో అరచుట్టు బిగించి, తడి పీల్చే అద్దుడు కాగితాల అంచులు వేలితో సరిచూసుకున్నాడు. పాత కాగితాలు భద్రపరిచే ఆ ఆఫీసులో ముడతలు తీయడం అతని పని. కాస్త చెమ్మ తగిలించి, రెండు అద్దుడు కాగితాల నడుమ పెట్టి నొక్కితే ఎంత నలిగినదైనా దారికొచ్చేది. అందుకే అందరూ ‘ఇస్త్రీ బాబాయి’ అనేవాళ్లు. తన చొక్కా మాత్రం ఏనాడూ ఇస్త్రీ చేసుకున్న పాపాన పోలేదు.

ఆ వారమంతా ఒక కవి తన భార్యకు రాసిన ఉత్తరాల పని. కవిగారు పోయి చాలాకాలమైంది. కవర్లంటే ఆయనకు గిట్టేది కాదట. కాగితాన్నే మడిచి, కొసను లోపలికి దోపి పంపేవారు. బాబాయి వాటన్నిటినీ విప్పి చదును చేసేశాడు.

మధ్యాహ్నం ఆఫీసరమ్మ ఒక పెద్దావిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"బాబాయ్, కవిగారి భార్య. ఉత్తరాలు ఒకసారి చూస్తారట."

చూడటమంటే తడమటమే. ఆవిడకు చూపు లేదు. బల్లమీది కాగితాన్ని పైనుంచి కిందికి నిమిరి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇవి మావి కావు నాయనా. ఎవరివో తెచ్చినట్టున్నావు."

"మీవేనమ్మా. చదును చేశాను."

"చదును చేశావా?" ఆవిడ వేళ్లు మళ్లీ కొస కోసం తడిమాయి. "చదవలేనుగా ఇక. ఆ కొస వేలికి తగిలితే ఆయనే వచ్చినట్టుండేది."

ఇన్నాళ్లూ ఒళ్లు దాచుకోకుండా చేసిన పని ఆవిడకు మిగిలిన ఒక్క ఆసరానూ తుడిచేసిందా? బాబాయికి తనమీద తనకే అసహ్యం వేసింది. ఏం చెయ్యాలో తోచక ఆవిడ చూపుడువేలు పట్టుకుని, మడత ఉండాల్సిన చోట మెల్లగా జరిపాడు. వెంట్రుకంత గీత. వేలు అక్కడ ఆగింది. ఆవిడ కాగితం అందుకుని ఒక్కసారి వంచింది. మిగతా మడతలు వాటంతటవే పడ్డాయి. కొస దాని చోటు అది వెతుక్కుంది.

"చూశావా మొండితనం!" ఆవిడ పకపకా నవ్వింది. "బతికున్నప్పుడూ ఇంతే. నా మాటే వినలేదు, నీ ప్రెస్సుకు లొంగుతారా!"

బాబాయి హమ్మయ్య అనుకున్నాడు. నవ్వొచ్చింది, కళ్లూ తడిశాయి. తన పని పూర్తిగా కుదరనందుకు సంతోషించడం అదే మొదలు. అదే చివర కూడా. ఆ సాయంత్రంతో అతనికి రిటైర్మెంటు.

వెళ్లేముందు ఉత్తరాలన్నీ పలుచని అట్టపెట్టెలో సర్దాడు. ఆవిడ మడిచింది మాత్రం విప్పకుండా అన్నిటికన్నా పైన పెట్టాడు.

"మూత సరిగా పడట్లేదేంటి బాబాయ్?" అంది ఆఫీసరమ్మ.

"పడదులే తల్లీ. ఆవిడ ఎప్పుడొచ్చినా పైదే చేతికివ్వు."

కాగితాలు మడతలతో దాచకూడదన్న రూలు గుర్తుచేయబోయి, ఆమె పెట్టెను అలాగే బీరువాలో పెట్టింది. బాబాయి లైటు తీసేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. బీరువాలో, ఒకే ఎత్తున పేర్చిన పెట్టెల నడుమ, ఒకదాని మూత గోరంత పైకి లేచి ఉంది.