ఏడో గుంట దిబ్బ

ఆ దిబ్బను చదును చేయాలని మా బావగారు అన్న రోజే నేను వద్దన్నాను. అది నన్ను నిలువునా ముంచిన తర్వాత కూడా వద్దనే అన్నాను. నన్ను మొండిదంటారు. అననీండి.

మా గోల్ఫ్ మైదానం సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. నీడకు ఒక్క చెట్టు లేదు. ఇసుక నేల, కురచ గడ్డి, అడుగడుగునా మిట్టలు. చక్కగా కొట్టిన బంతిని గాలి ఈడ్చుకుపోతుంది, గాలి వదిలేస్తే మిట్ట పక్కకు నెడుతుంది. నీళ్ళు పోసి పెంచిన పచ్చిక మీద ఆడి వచ్చినవాళ్ళు "ఇది మైదానమా, నలిగిన దుప్పటా?" అని మూతి విరుస్తారు. ఇక్కడే ఆట నేర్చుకున్న మాలాంటివాళ్ళకు ఒళ్ళు మండుతుంది. క్లబ్బులో టీ కప్పుల ముందు ఈ తగవు నేను పుట్టకముందు నుంచీ ఉంది.

అది ముదిరేది ఏడో గుంట దగ్గర. కొట్టే చోటికీ బంతి పడాల్సిన గుంటకీ మధ్య పెద్ద ఇసుక దిబ్బ అడ్డం. గుంట కనపడదు. దిబ్బ నెత్తిన సున్నం కొట్టిన రాయి ఉంటుంది, దాన్ని చూసి దేవుడి మీద భారం వేసి కొట్టడమే. అవతల ఆట ముగించినవాళ్ళు గంట కొట్టాకే వెనకవాళ్ళు కొట్టాలి, లేకపోతే బంతి ఎవరి నెత్తినో పడుతుంది. ఆ గంట ఓడినవాళ్ళే కొట్టాలన్నది మా క్లబ్బు ఆనవాయితీ. మోత వింటే చాలు, ఎవరు ఎంత ఉడుక్కుంటున్నారో ఇవతలవాళ్ళకు తెలిసిపోతుంది.

బావగారు, అంటే మా అక్క భర్త, ఉద్యోగమంతా రోడ్లు వేయించిన ఇంజనీరు. మిట్ట కనపడితే ఆయన చెయ్యి దురద పెడుతుంది. నాది కళ్ళజోళ్ళ దుకాణం. ఇద్దరం క్లబ్బు కమిటీలో ఉన్నాం. దిబ్బ తీసేయాలన్న తీర్మానం ఆయనదే, చేతులెత్తి లెక్కేస్తే ఆయన వైపు ఒక్క చెయ్యి ఎక్కువే ఉంది. అంటే దిబ్బ పోయినట్టే. అయినా ఇంటి మనిషే ఎదురు తిరగడం ఆయనకు చిన్నతనంగా ఉంది. భోజనాల దగ్గర మొదలుపెట్టారు.

"కళ్ళజోళ్ళు అమ్ముకునేదానివి, కనపడని చోటికి కొట్టమంటావేంటి మరదలా?"

"కనపడేదాన్నే కొట్టాలంటే గోడకి మేకు కొట్టుకోండి బావగారూ. ఆట ఎందుకు?"

"బాగా కొట్టినవాడికి బాగా రావాలి, చెత్తగా కొట్టినవాడికి చెత్తగా రావాలి. అదీ న్యాయం."

"బతుకులో ఎప్పుడైనా అలా వచ్చిందా?"

"రాలేదు. అందుకే ఆటలోనైనా రావాలంటున్నా."

నేను పప్పు గిన్నెను ఆయన ముందు ఠక్కున పెట్టాను.

"అన్నంలో ఇసుక పోయకండి," అంది అక్క. "రేపు ఆడి తేల్చుకోండి."

"సరే," అన్నారు బావగారు. "రేపు ఆ దిబ్బ నిన్ను మోసం చేస్తే సాయంత్రం కమిటీ మీటింగులో ఉన్నదున్నట్టు చెప్పాలి."

"చెప్తాను. నాకేం భయం?"

మర్నాడు ఏడో గుంట దగ్గర ముందు నేను కొట్టాను. గొప్పకు చెప్పడం లేదు, నా జన్మలో అంత బాగా కొట్టలేదు. బంతి గాలికి అందకుండా తగ్గుగా వెళ్ళి తెల్ల రాయి మీదుగా దాటింది. చూడ్డానికి వెంట వచ్చిన అక్క చప్పట్లు కొట్టింది. బావగారి దెబ్బ కర్ర అంచుకు తగిలి జారింది. బంతి దిబ్బ ఎడమ భుజాన్ని గుద్దుకుని మాయమైంది. "పోయింది, వెధవ బంతి," అని ఆయనే తిట్టుకున్నారు.

ఎక్కి చూస్తే నా బంతి ఇసుక గోతిలో, గట్టు కింద ఇరుక్కుని ఉంది. ఆయనది గుంట పక్కన బుద్ధిగా కూర్చుంది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. నేను గోతిలో ఇసుక తవ్వుకుంటూ ఉండిపోయాను. ఓడాను. గంట కొట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క చూస్తే ఇసుక పడిందన్నాను. అయినా గెలిచినదానిలా గణగణా మోగించాను.

ఆ సాయంత్రం మీటింగు. తడి బూట్ల వాసన వేసే గదిలో అందరూ చేరారు. "ముందు మా మరదలు చెబుతుంది," అన్నారు బావగారు మీసం దువ్వుకుంటూ.

లేచాను. "పొద్దున నేను కొట్టినది మంచి దెబ్బ. గోతిలో పడింది. మా బావగారిది కర్ర అంచుకు తగిలి జారిన చెత్త దెబ్బ. గుంట పక్కకు చేరింది. ఆ దిబ్బ నన్ను మోసం చేసింది. అయినా ఈ తీర్మానానికి నా చెయ్యి లేవదు. ఆ దిబ్బ ఎవరి మొహమూ చూడదు, ఎవరి హోదా అడగదు. రేపు మళ్ళీ మోసం చేసినా మళ్ళీ అక్కడికే వెళ్తాను."

చెత్త దెబ్బ అన్న మాట దగ్గరే బావగారి మొహం ఎర్రబడింది. నలుగురూ కిసుక్కుమన్నారు. ఆయన ఇక ఆగలేకపోయారు.

"చెత్త దెబ్బేంటి? గాలి చూసుకునే ఎడమ భుజానికి కొట్టాను! అక్కడ తగిలితే గుంట వైపే దొర్లుతుంది. ఇన్ని రోడ్ల వాలు చూసినవాణ్ణి, దిబ్బ వాలు తెలీదా నాకు?"

అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు, నేను అమ్మినదే. "అంటే తెలివితో ఆడొచ్చన్నమాట. మరి తీర్మానంలో దిబ్బ దగ్గర అంతా గుడ్డి అదృష్టం అని రాశారేంటండీ?"

బావగారు నా వైపు చూశారు. అది జారిన దెబ్బేనని ఒప్పుకుంటే తీర్మానం నిలుస్తుంది, పరువు పోతుంది. నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఇక ఆయన ఇష్టమని కూర్చున్నాను.

చేతులు ఎత్తమన్నప్పుడు ఆయన రెండు చేతులూ జేబుల్లోనే ఉన్నాయి. రెండు వైపులా సమానమై తీర్మానం వీగిపోయింది, దిబ్బ మిగిలింది.

బయటికి రాగానే అక్క నా చెవి మెలిపెట్టింది. "కావాలనే అన్నావు కదే?"

"చెత్త దెబ్బే కదక్కా."

తర్వాతి ఆదివారం ఆ ఎడమ భుజం దెబ్బ చూడాలని క్లబ్బంతా పోగైంది. బావగారు దిక్కులు చూసి, గాలి చూసి, కొట్టారు. నేనూ కొట్టాను. ఎక్కి చూశాం. రెండు బంతులూ అదే ఇసుక గోతిలో, గట్టు కింద, పక్కపక్కనే ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పు మరదలా," అన్నారాయన రొప్పుతూ. "ఇదేనా న్యాయం?"

"కాదు," అన్నాను. "దిగండి. ముందు మీ వంతు."