మూడో పేరు

ఆ నల్లరాయి మీద ‘కార్మికుల అజాగ్రత్త వల్ల’ అని రాసి, కింద ఆరు పేర్లు చెక్కించారు. మూడోది రఘుపతి. ఆ రఘుపతి భుజాన తువ్వాలు వేసుకుని, రాయి ముందే నిలబడి తన చావు తేదీ చదువుకుంటున్నాడు.

పక్కన అతని చెల్లెలు సారక్క. ముప్పై రెండేళ్ల కింద తూర్పు బొగ్గుబాయిలో కప్పు కూలి చచ్చింది ఆమె మొగుడు కొమురెల్లి. నౌకరీ పిలుపు వచ్చింది మాత్రం రఘుపతికి. అతను ఒక్కరోజు బాయి దిగి, ఆ చీకటికి జడిసి జ్వరంతో మంచాన పడ్డాడు. బావకొచ్చిన నౌకరీ పోవడమెందుకని కొమురెల్లి రఘుపతి పేరు మీద బాయి దిగాడు. బొగ్గుబాయిల్లో ఒకరి పేరు మీద ఒకరు బతుకంతా పనిచేయడం అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరు. అంటే నౌకరీ ఊడుతుంది. అందుకే కంపెనీ కాగితాల్లో సారక్క మొగుడు బాయి దిగనూ లేదు, చావనూ లేదు.

ఇవ్వాళ సెంటినరీ కాలనీలో గనుల చరిత్ర పుస్తకం విడుదల, వేదిక పక్కనే ఈ రాయి ఆవిష్కరణ. రాసింది మంథని వామనరావు, రిటైరైన లెక్చరరు. మూడేళ్లు కంపెనీ ఫైళ్లలో తల దూర్చి రాశాడు. మొగుడి పేరు రాయమని సారక్క అతని ఇంటికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ ఒకటే మాట అన్నాడు: “కాగితం ఉందా అమ్మా?”

మొదటి షిఫ్టువాళ్లను పని మాన్పించి, చప్పట్ల కోసం బస్సుల్లో తెచ్చి కూర్చోబెట్టారు. వామనరావు మైకు ముందు ఆ పేజీ చదివాడు. “కార్మికుల అజాగ్రత్త వల్ల జరిగిన ఆ ప్రమాదంలో ఆరుగురు...”

“అజాగ్రత్తనా?” ఎల్లేశం లేచాడు. ఆ రోజు బతికి బయటపడ్డది అతనొక్కడే. “కప్పును కర్రతోని కొట్టి సూసింది నేను. డొల్ల మోగింది, కూలేటట్టున్నది. మేం లోపలికి పోమని చెప్పినం. పోకుంటె మస్టర్ల హాజరు పడదని దొర నూకిండు. అది రాసినవా సారూ?”

“మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ చరిత్రకు ఆధారం కావాలి. ఫైళ్లలో ఉన్నదే నేను రాశాను,” అన్నాడు వామనరావు. అబద్ధం ఆడే మనిషి కాదు. నిజం ఎవరి దగ్గర ఉంటుందో అడగాలని తోచని మనిషి.

“ఆ ఫైళ్లు రాసిందెవలు?” సారక్క అడిగింది. “మమ్ముల బాయిల నూకినోళ్లే గద. దొంగనే అడిగి దొంగతనం ఎట్ల జరిగిందో రాస్తివి.”

రఘుపతి చేతులు జోడించి ముందుకు నడిచాడు. “నేనే రఘుపతిని సారూ. నేను సావలే. నా పేరు మీద మా బావ కొమురెల్లి సచ్చిండు. నా పేరు తీసి ఆయనది పెట్టుండ్రి.”

వేదిక మీది ఆఫీసరు వేలు చూపించాడు. గార్డు వచ్చి ఆ ముసలాయన్ని ఒక్క తోపు తోశాడు. రఘుపతి తన చావు తేదీ చెక్కిన రాతి కిందనే బోర్లా పడ్డాడు.

ఎల్లేశం రఘుపతిని లేపి, చేతికర్రతో ఆ రాతిని ఒకసారి కొట్టి చెవి పెట్టాడు. “గిదీ డొల్లనే. ముంగట పలక, ఎనుక ఏం లేదు.”

సారక్క సంచిలోంచి సుత్తె తీసింది. కొమురెల్లిది. అడుగుతా, వినకపోతే ఇదే పని అని పొద్దున ఇంట్లోనే అనుకుని తెచ్చుకుంది. ముప్పై రెండేళ్ల కసి ఆమె మోచేతిలోకి దిగింది. మొదటి దెబ్బకు ‘అజాగ్రత్త’ రాలింది. ఆడవాళ్లు చుట్టూ గోడకట్టారు. సుత్తె చేతులు మారింది. చప్పట్ల కోసం వచ్చినవాళ్లు మొదటిసారి మనసారా చప్పట్లు కొట్టారు, ఆ ఆఫీసరు చూస్తుండగా.

పదకొండు మందిని పోలీసు స్టేషనుకు తీసుకెళ్లారు. కేసు రాసే రైటరు కాగితాలు ముందేసుకుని, “పేరు?” అన్నాడు.

మొదట నిలబడింది తిరుమల, ఇప్పటికీ బాయి దిగే కార్మికుడు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. కంపెనీ కాగితాల్లో అతను రాజన్న. అతను సారక్క వైపు చూశాడు.

“తిరుమల,” అన్నాడు. “అసలు పేరే. రాయి.”

సారక్క వంతు వచ్చింది. “భర్త పేరు?”

“కొమురెల్లి. తూర్పు బాయిల సచ్చిండు. అది గూడ రాయి.”

“అదంతా ఎందుకమ్మా?”

“కేసు ఎందుకైందో రాయవా మరి?”

అతను విసుక్కుంటూ రాశాడు. సారక్క చదివించుకుని వింది. సర్కారు కాగితం మీద ఆమె మొగుడు మొదటిసారి చచ్చిపోయాడు. ఆమెకు ఏడుపు రాలేదు. ఎల్లేశం వైపు తిరిగింది.

“ఎల్లేశం, నకలు దీసి మంథని లెక్చరరు సారుకు పంపు. కాగితం అడిగిండు గద.”

బయట గొడవ వినిపించింది. రెండో షిఫ్టు బాయి దిగలేదు. గేటు నుంచి నేరుగా స్టేషనుకే వచ్చింది. ముందున్న ఇరవై ముప్పై మంది ఇన్నాళ్లూ ఇంకొకరి పేరుకు పలికినవాళ్లు. కిటికీ దగ్గర వరుస కట్టారు.

“నేను గూడ రాయిని కొట్టిన. నా పేరు రాయి.”

“నువ్వక్కడ లేవు కదయ్యా.”

“ఉన్న. రాయి.”

రైటరు సొరుగు లాగి చూసి, కాగితాలు అయిపోయాయన్నాడు.

సారక్క బెంచీ మీద కూర్చుని కొంగు సర్దుకుంది. “తెప్పియ్యి,” అంది.