ముప్పై నాలుగు చోట్ల నేను

మీరు నన్ను ఎన్నోసార్లు నింపారు, ఒక్కసారీ పలకరించలేదు. నేను ఒక గడిని. పరీక్షకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసేటప్పుడు 'అభ్యర్థి పేరు' అని కనిపిస్తుందే, అది. పైకి ఖాళీ పెట్టెనే గానీ, లోపల ప్రోగ్రాములో రాసిన నియమాన్ని: పేరు ఇరవై ఇంగ్లిషు అక్షరాలు దాటకూడదు, దాటితే కత్తిరించాలి.

ఇరవయ్యే ఎందుకంటే, హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో నన్ను రాసినవాడు బొడ్డు సాంబ. మధ్యలో ఖాళీతో కలిపి పదకొండు అక్షరాల మనిషి. ప్రపంచం తనకంటే మరీ పెద్దదిగా ఉండదని నమ్మి, ఉదారంగా ఇంకో తొమ్మిది కలిపాడు. తన కొలతే అందరి కొలత అనుకునే ఈ జబ్బుని మనుషులు అనుభవం అంటారు.

హాల్ టికెట్ పేజీ రాసేటప్పుడు సాంబ నన్ను కాపీ చేసి అక్కడ అతికించాడు. హాజరు పట్టీలో మళ్లీ, మార్కుల జాబితాలో మళ్లీ. అతను మానేశాక వచ్చినవాళ్లూ అదే పని చేశారు. చివరికి ముప్పై నాలుగు చోట్ల నేనే. 'నేనెవరు' అన్న ప్రశ్న మనుషులకు ఒక్క మనసుతోనే తెమలదు, నా సంగతి ఆలోచించండి. పేర్లు పట్టడం లేదని ఫిర్యాదు వస్తే టీమ్ లీడ్ చక్రధర్ దరఖాస్తు పేజీలో మాత్రం నన్ను అరవై చేయించాడు. మిగతా ముప్పై మూడు చోట్ల నేను పాత నమ్మకంతోనే ఉండిపోయాను. "పనిచేసేదాన్ని కెలక్కూడదు" అనేది ఆయన సిద్ధాంతం. భయానికి అంత మంచి పేరు నేనెక్కడా వినలేదు.

ఒక శుక్రవారం పొద్దున భీమవరం నుంచి గోపాలరాజుగారు కవల కూతుళ్లతో ఆఫీసుకే వచ్చారు. పెనుమత్స వెంకట సత్యభారతి, పెనుమత్స వెంకట సత్యవాణి. దరఖాస్తులో రెండు పేర్లూ పూర్తిగా పట్టాయి. రెండోసారి దరఖాస్తు చేసినవాళ్లను ఏరేసే పేజీలో మాత్రం నేను ఇరవై దగ్గర కత్తిరించాను. ఇద్దరూ 'పెనుమత్స వెంకట స' అయ్యారు. తండ్రి ఒకడే, పుట్టినరోజు ఒకటే. మనిషి ఒకతే అని తేల్చి ప్రోగ్రాము సత్యవాణి హాల్ టికెట్ రద్దు చేసింది. పరీక్ష సోమవారం. ఏడాది చదువు.

ముప్పై నాలుగు చోట్ల ఉన్న నన్ను ఒకటిగా చూడలేనివాళ్లు ఇద్దరు పిల్లల్ని ఒక్కరిగా చూడగలిగారు.

"మా ఇద్దరు పిల్లల్లో ఒకతి లేదంటోందండి మీ కంప్యూటరు. ఇదిగో, ఎదురుగా నిలబెట్టాను, చూసుకోండి," అన్నారు రాజుగారు.

"పేర్లు కాస్త పొట్టిగా పెట్టాల్సిందండీ," అన్నాడు చక్రధర్.

"పుట్టినప్పుడు తమర్ని అడగలేదండి, మాదే పొరపాటు."

చక్రధర్ వెనక్కి తిరిగాడు. "నసీమా, ఆ ఒక్క టికెట్టూ చేత్తో సరిచేసి ఇచ్చెయ్యమ్మా. మిగతాది ముట్టుకోకు."

ప్రోగ్రాములు రాసే నసీమ రద్దు తీసేసి టికెట్టు మళ్లీ ఇచ్చింది. ముద్రించే పేజీ పేరు కత్తిరించింది. అది సరిచేస్తే హాజరు పట్టీ సత్యవాణిని మళ్లీ తీసేసింది.

"అక్కా, ఇంతకీ నేనున్నానా?" అంది సత్యవాణి.

"నేను పెద్దదాన్ని కాబట్టి నన్నుంచిందే," అంది సత్యభారతి.

"నాలుగు నిమిషాలకే ఇంత పొగరా?" అని నవ్వబోయి, సత్యవాణి మళ్లీ కంప్యూటరు వైపు చూసింది.

నసీమ కుర్చీ ముందుకు లాక్కుంది. నన్ను విడిగా ఒకేచోట, వంద అక్షరాలతో కొత్తగా రాసింది. ముప్పై నాలుగు చోట్లా పాత నన్ను చెరిపి, ఆ ఒక్కదాన్నే చూడమని రాసింది.

"ఏదైనా అయితే?" అన్నాడు చక్రధర్.

"అయింది కదా సార్."

నా ప్రతులు ఒక్కొక్కటే పోతుంటే దుఃఖం వస్తుందనుకున్నాను. రాలేదు. పాత అబద్ధాలు గుర్తుపెట్టుకునే శ్రమ తప్పింది, అంతే. మూడు గంటలకు టికెట్టు పూర్తి పేరుతో వచ్చింది, హాజరు పట్టీలో ఇద్దరూ నిలిచారు. చక్రధర్ మెచ్చుకున్నాడు కూడా: "బాగుందమ్మా. దీన్ని కాపీ చేసి మిగతా ప్రాజెక్టుల్లోనూ అతికించెయ్."

సోమవారం హాల్ టికెట్ కాగితం మీద నేనూ పరీక్షకు వెళ్లాను. గుమ్మం దగ్గర ఇన్విజిలేటరు ఒక ముఖం చూశాడు, ఫొటో చూశాడు, రెండో ముఖం చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఎవరు ఎవరో తేలలేదు. ఇక దారిలేక పేరు చదవడం మొదలుపెట్టాడు. చివరి అక్షరం దాకా చదివి, సత్యవాణిని లోపలికి పంపాడు.