కానుగలు పీకిన ఒడ్డు

కృష్ణ ప్రతి వానాకాలం ఒడ్డును కోసుకుంటూ ఊరి మీదికి వస్తుంటే, కానుగలు నాటి ఆపుదామని మొదట అన్నది సరోజే. సోమశిల దాపున ఉన్న ఆ పల్లెలో అందరూ నవ్వారు. వేసవిలో నీళ్లు వెనక్కి పోతే తేలే ఒండ్రులో పుచ్చ, దోస పెట్టుకుని బతికే జనం వాళ్లు. మొక్కలు నాటాలంటే ఒడ్డువార మళ్లు వదులుకోవాలి.

ముందుగా వదిలింది ఆమె తోడికోడలు నర్సమ్మ. "నువ్వు చెప్తున్నవని ఇస్తున్ననే సరోజా. పిల్లల నోటికాడి కూడు ఇది" అంది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లూ దిగారు. ఎండల్లో బిందెలతో నీళ్లు మోశారు. మేకలు రాకుండా ముళ్లకంప వేశారు. మొక్కలు నడుమెత్తు పెరిగిన ఏడాది వరద వచ్చింది గానీ ఒడ్డు కదల్లేదు.

అప్పుడు వచ్చింది సాయం. నదీతీరాలను కాపాడుకునే ఊళ్ల కోసం పెట్టిన ప్రాంతీయ పథకంలో వీళ్ల ఊరినీ చేర్చారని భానుప్రకాశ్ అనే అధికారి వచ్చి చెప్పాడు. సరోజను కానుగల మధ్య నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పింది: "మన కష్టం సర్కారుకు కనవడ్డదే. ఇగ కంచె వస్తది, మోటరొస్తది."

వచ్చింది జేసీబీ. కేకలు విని సరోజ పరుగెత్తేసరికి సగం వరస పెకలించి ఉంది. ఆమె పోయి జేసీబీ బకెట్ ముందు నిలబడింది. డ్రైవరు ఫోన్ చేస్తే భానుప్రకాశ్ వచ్చాడు.

"సారూ, గివి మేం పెట్టిన చెట్లు. గీటిని జూసే గదా సాయం ఇస్తమన్నరు?"

"ఇదీ ఒడ్డు కోసమేనమ్మా. రాతికట్ట కడతాం, మెట్లు కడతాం, పడవలు తిప్పుతాం. పైనుంచి వచ్చిన ప్లాన్‌లో ఈ చెట్లు లేవు."

"మరి మా మళ్లు?"

"వాటికి మీకు పట్టాలు లేవు. పైగా మీరే వదులుకున్నారని విన్నాను."

అతను కసురుకోలేదు కూడా. అతని వెంట వచ్చిన ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు ఆమె రెక్కలు పట్టుకుని పక్కకు జరిపారు.

రాతికట్ట ప్రారంభోత్సవం నాడు ఫ్లెక్సీ నిండా కానుగల మధ్య నవ్వుతున్న సరోజే. పోనని భీష్మించుకుంటే, "నువ్వు రాకుంటే ఊరికి ఇంకేదీ రానియ్యరు" అని సర్పంచ్ బతిమాలాడు. వెళ్లింది. మైకులో చెట్ల సంగతి అడిగేయాలని లోపలే మాటలు కూర్చుకుంది. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. ఆమె నోరు తెరిచేలోగా మైకు ఇంకొకరి చేతికి పోయింది.

ఆ వానాకాలం రాతికట్ట బాగానే నిలబడింది. అది ఆగిపోయిన చోట, కానుగలు పీకేసిన ఊరివైపు, ఒడ్డు విరిగి నర్సమ్మ ఉంటున్న కొట్టం నీళ్లలో కలిసింది. మడీ లేదు, కొట్టమూ లేదు. పిల్లలను తీసుకుని హైదరాబాద్‌లో బిల్డింగు పనికి బయల్దేరింది. కొల్లాపూర్ బస్టాండు దాకా సరోజ మూట మోసింది.

"అక్కా, నన్ను తిట్టన్న తిట్టు."

"నిన్ను తిట్టి ఏం జేస్త? నువ్వు నమ్మినవు, నిన్ను జూసి నేను నమ్మిన." నర్సమ్మ మూట అందుకుంది. "కానీ సరోజా, ఆ శాలువా ఎందుకు కప్పించుకున్నవే?"

కండక్టరు తొందరపెడుతున్నాడు. నర్సమ్మ పిల్లలను ముందు ఎక్కించి, తనూ ఎక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుంది.