మూడో యాంటెన్నా

మా మరిదికి బజారు పని అప్పగించడం నా బుద్ధితక్కువతనం. "వదినా, చూడు ఎంత పొడుగుందో!" అంటూ మూడో వైఫై అడాప్టర్ తెచ్చాడు. మొదటిది గోరంత. లాప్‌టాప్‌కి గుచ్చినట్టు నాకూ తెలియలేదు, సిగ్నల్‌కీ తెలియలేదు. రెండోదానికి రెండు కొమ్ములు. దీనికి మూరెడు యాంటెన్నా. సొరకాయ కొన్నట్టు పొడుగు చూసి కొంటాడీ మహానుభావుడు.

ఆసుపత్రిలో డాక్టర్ చెప్పేది, వినపడని రోగులకు నేను మేడ మీద గదిలోంచి వీడియోలో చేతులతో చెబుతాను. అదే నా ఉద్యోగం. బొమ్మ ఆగితే మాట సగంలో తెగుతుంది. రెండుసార్లు అలా ఆగింది. ఇంకోసారైతే వేరేవాళ్లను చూసుకుంటామని ఆసుపత్రివాళ్లు మొహం మీదే చెప్పారు. అందుకే పోయిన వారం మూడోసారి ఆగినప్పుడు నోరు మెదపలేదు. ఏడాదిగా నా చేతుల మీదే డాక్టర్ మాట తెలుసుకుంటున్న, మూర్ఛకు మందులు వాడే ఒకావిడ, బొమ్మ కదలగానే తలూపింది. అర్థమైందనుకున్నాను. నిజంగానే అనుకున్నానో, అలా సర్దిచెప్పుకున్నానో దేవుడికే తెలియాలి.

ఈరోజు పదకొండింటికి మళ్లీ ఆవిడే. పదిన్నరకి మూడోదాన్ని గుచ్చి నిటారుగా నిలబెట్టాను. ఉన్న రెండు సిగ్నల్ గీతల్లో ఒకటి ఊడింది!

"ఇదేం ఖర్మరా బాబూ! పెద్దది పెడితే తగ్గుతుందేంటి?"

"కిటికీలో పెట్టు వదినా."

పెట్టాను.

"పోనీ బీరువా మీద?"

"నీ నెత్తి మీద పెట్టనా?" అన్నాను. వాడికి నవ్వొచ్చింది, నాకు ఏడుపొచ్చింది.

ఆఖరికి దుకాణానికి ఫోన్ చేశాను. అమ్మే ఆవిడ తాపీగా అడిగింది. "రూటర్ ఎక్కడుందండీ?"

"కింద. సరిగ్గా ఈ గది కిందే."

"పొడుగు యాంటెన్నా నిలబెడితే సిగ్నల్ పక్కలకి పోతుందండీ, కిందకి పెద్దగా పోదు. పడుకోబెట్టండి."

పడుకోబెట్టాను. నాలుగు గీతలూ నిండాయి. ఇన్నాళ్ల తిప్పలకి మందు ఇంతేనా!

"నేను చెప్పలా, పొడుగుదే మంచిదని!" అన్నాడు మరిది. వాణ్ణి బయటికి తోలి తలుపేశాను.

పదకొండయింది. బొమ్మ అద్దంలా ఉంది. ఆవిడ నుదుటి మీద కొత్త కుట్లు. మళ్లీ మూర్ఛ వచ్చి మెట్ల మీద పడిందట.

"మాత్రలు ఎలా వేసుకుంటోందో అడగండి," అన్నాడు డాక్టర్.

అడిగాను. పొద్దున ఒకటి అని చూపించి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఇకనుంచి రాత్రి కూడా ఒకటి అని పోయిన వారం నేను చెప్పింది బొమ్మ ఆగినప్పుడే. ఆవిడకు చదువు రాదు. రాసిచ్చిన చీటీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

డాక్టర్ విసుక్కున్నాడు. "రెండు పూటలా వేసుకోమన్నాం కదా! ఇంత నిర్లక్ష్యమైతే ఎలాగని చెప్పండి."

మా పనిలో ఒక కట్టుబాటుంది. వాళ్ల మాటే చెప్పాలి, మన మాట ఒక్కటీ కలపకూడదు. చేతులు లేచాయి గానీ ఆ మాట చెప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"డాక్టర్ గారూ, తప్పు ఆవిడది కాదు. నాది. ఆరోజు బొమ్మ ఆగింది, నేను దాచాను." ఉద్యోగం పోతే పోయిందనుకుని, అదే ఆవిడకు చేతులతో చెప్పాను.

ఆవిడ కుట్ల మీద వేళ్లు పెట్టుకుని నన్నే చూసింది. తర్వాత మెల్లగా, నాకు ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా, చేతులతో అడిగింది.

"ఇన్నాళ్లలో ఇంకా ఏమేం చెప్పలేదు నాకు?"