తాయారు నాలుక

తెల్లారేసరికి గజపతినగరం పాలకేంద్రం ముందు ఆటోల్లోంచి కేన్లు దిగేవి. తాయారు చెంగు బొడ్లో దోపుకుని, ఒక్కో కేన్లోంచి చెంచాడు పాలు నోట్లో పోసుకుని, ఉమ్మి, మాట చెప్పేది.

"ఇందులో రాత్రి పాలు కలిపీసినారు. ఇవి మద్దేన్నానికి ఇరిగిపోతాయి, పక్కకెట్టండి."

ఆమె పక్కన పెట్టమన్న కేను మధ్యాహ్నానికి విరిగి తీరేది.

ఆ కేంద్రంలో ఒకరికి చెప్పిన పని కిటుకు చెప్పినవాళ్ళ దగ్గర మిగలదు. బాయిలరు చూసే సోములు తన పని కిటుకులు అల్లుడికి చెప్పి, మర్నాడు ఆవిరి గొట్టం ముందు కొత్తవాడిలా బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. అందుకే అక్కడ ఎవరూ నోరు విప్పేవారు కాదు. కొత్తవాళ్ళు చూసి నేర్చుకోగలిగింది నేర్చుకునేవారు, లేదా మానేసి పోయేవారు.

కొత్త మేనేజరు మురళీమోహన్‌కి ఇది నచ్చలేదు.

"తాయారమ్మా, రేపు మీకు జ్వరమొస్తే కేంద్రం మూసుకోవాలా? అరుణశ్రీకి చెప్పండి. మిమ్మల్ని సూపర్‌వైజర్ని చేస్తాను."

"సెప్పేస్తే నాకేటి మిగుల్తాది బాబూ?"

"నా మాట మిగులుతుంది."

ఆ మాటకి తాయారు లొంగలేదు. లొంగింది అరుణశ్రీకి. కొత్తగా పనిలో చేరిన పొందూరు పిల్ల, తండ్రి లేడు. తన డబ్బాలో కూర సగం తాయారు కంచంలో వేసి "తిను పెద్దమ్మా" అనేది. పిల్లలు లేని తాయారుకి ఆ పిలుపు చెవిన పడితే రోజంతా ఒళ్ళు తేలిగ్గా ఉండేది. ఒకనాడు కేన్లు కడిగే గచ్చు మీద కూర్చుని, పులుపు నాలుకకి ఏ మూల తగులుతుందో, వాసన ఎక్కడ మొదలవుతుందో అంతా చెప్పేసింది. చెప్పడం అయ్యాక చెంచాడు పాలు నోట్లో పోసుకుంది. నీళ్ళలా ఉన్నాయి.

నెల తిరక్కుండానే మేనేజరు పిలిచాడు. సూపర్‌వైజర్ పోస్టుకి పైవాళ్ళు ఒప్పుకోలేదట.

"పని తెలియని మనిషిని ఉంచుకోమంటే ఎలా చెప్పండి? ఏమీ అనుకోకండి."

గేటు దాకా అరుణశ్రీ పరుగున వచ్చింది.

"పెద్దమ్మా, నువ్వు సెప్పిందంతా తిరిగి నీకే సెప్పేస్తాను. కూకో."

తాయారు వద్దనలేదు. అక్కడే మట్టిలో కూర్చుంది. అరుణశ్రీ ఎదురుగా కూలబడి నోరు తెరిచింది. కాసేపు అలాగే తెరిచి ఉంచింది.

"అరుణశ్రీ మేడమ్, టేంకరొచ్చింది!" లోపల్నుంచి ఎవరో కేకేశారు.

ఆ పిల్లని మేడమ్ అనడం తాయారు వినడం అదే మొదలు.

"ఇప్పుడే వచ్చేస్తాను పెద్దమ్మా" అని అరుణశ్రీ లేచి వెళ్ళింది.

గేటు నీడ ముడుచుకుపోయి ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా చూసి, తాయారు చీర దులుపుకుని నడిచింది.

బొబ్బిలిలో ఇంకో డెయిరీ యజమాని ధనరాజ్ ఆమె పేరు విని ఉన్నాడు. పని అడగడానికి వెళ్తే కుర్చీ వేయించి, గ్లాసుతో పాలు ముందు పెట్టించాడు.

"చూసి చెప్పమ్మా."

తాయారు గుక్కెడు నోట్లో పోసుకుంది. పాలు చెప్పనిది అతని మొహంలోనైనా దొరుకుతుందేమోనని చూసింది. అతను నవ్వుతూనే ఉన్నాడు.

"మంచి పాలు బాబూ."

గ్లాసు తెచ్చిన ఆడమనిషి చెంగుతో ముక్కు మూసుకుని అటు తిరిగింది. తాయారు అది చూసింది. చూసి, గ్లాసెత్తి మిగిలినదంతా గటగటా తాగేసింది.