ఏది ముందొస్తే అది

"కారు సంగతులన్నీ మా హైమే చూసుకుంటుంది," అని అనంత్ అందరి దగ్గరా అనేవాడు. వినేవాళ్ళకి అది భార్య మీద నమ్మకంలా వినిపించేది. చూసుకోవడమంటే నడపడం కాదు. ఆ కారు కొని మూడేళ్ళు దాటినా హైమ దాని స్టీరింగు ఒక్కసారీ పట్టుకోలేదు. "నువ్వు చిన్న గీత పెట్టినా నా గుండె మీద పెట్టినట్టే," అనేవాడు. చూసుకోవడమంటే దాని వారంటీకి కాపలా కాయడం. ఏడాదో, పదిహేను వేల కిలోమీటర్లో, ఏది ముందొస్తే అప్పుడు కంపెనీ వాళ్ళ దగ్గరే సర్వీసు చేయించాలి. బయటి మెకానిక్ బానెట్టు ఎత్తకూడదు. ప్రతిసారీ సర్వీసు పుస్తకంలో ముద్ర పడాలి. ఈ షరతులన్నీ ఆమెకు నోటికొచ్చేశాయి. సర్వీసు రోజున డ్రైవరు కారు తీసుకెళ్తుంటే వెనక ఆటోలో వెళ్ళి, ఆయిలు మార్చారో లేదో గాజు గోడలోంచి చూస్తూ సాయంత్రం దాకా కూర్చోవడం కూడా ఆమె పనే. "వాళ్ళు దొంగలు. నువ్వు ఇంట్లో చేసేదేముంది కనక?" అనేవాడు.

అనంత్ సినిమా డైరెక్టరు. తీసినవి మూడు, ఆడింది ఒకటి. ఆ ఒక్క సినిమా డబ్బుతో కొన్నదే ఈ పెద్ద కారు. తర్వాతి రెండూ పోయాక ఫిల్మ్‌నగర్‌లో అతన్ని ఇంకా డైరెక్టరుగా నిలబెట్టింది ఆ కారేనని అతని నమ్మకం.

మూడో సర్వీసు గడువు దగ్గరపడినప్పుడు కంపెనీ మెసేజీలు ఎప్పుడో మూతపడ్డ అనంత్ పాత ఆఫీసు నంబరుకి వెళ్ళాయి. సర్వీసు సెంటర్లో స్ఫూర్తి అని ఒక అమ్మాయి ఉండేది. రహమత్‌నగర్ పిల్ల. ప్రతిసారీ కారు అప్పజెప్పుకునేదీ, కాగితాలు రాసేదీ ఆమే. ఆ అమ్మాయి పాత కాగితాల్లో హైమ నంబరు వెతికి, తన సొంత ఫోన్లోంచి చేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"మేడమ్, కిలోమీటర్లు కాకున్నా సంవత్సరం అయిపోయింది. కంపెనీ వాళ్ళు ఇంకొక్క నెల ఆగుతరు, గంతే. గా నెల దాటితే వారంటీ పోతది. జర సార్‌కు చెప్పండి."

హైమ మూడుసార్లూ చెప్పింది. మొదటిసారి అతను బూట్లు వేసుకుంటున్నాడు. "కిలోమీటర్లు కాలేదుగా, తొందరేముంది?" అన్నాడు. రెండోసారి ఫోన్ చెవిన పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. మూడోసారి అన్నం తింటూ కంచం పక్కకి నెట్టాడు. "జూబ్లీహిల్స్‌లో రోజూ కథ సిట్టింగులు జరుగుతున్నాయి. ఆ నిర్మాత పోర్టికోలో రోజూ నా కారు కనపడాలి. ఒక్కరోజు క్యాబ్‌లో దిగానంటే నా పనైపోయిందనుకుంటారు. నీకు సినిమా తెలీదు, కారూ తెలీదు. బుర్ర తినకు." అత్తగారు సీతామహాలక్ష్మి కంచం మళ్ళీ కొడుకు ముందుకి జరిపింది. "అన్నం దగ్గరా ఆ గోల? వాడి మనసు పాడుచేసి నువ్వేం బావుకుంటావమ్మాయ్?"

నెల దాటిపోయింది. ఇంకో రెండు నెలలకి ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ కారు ఒక్క కుదుపుతో ఆగి, గేరు పడక, వెనక్కి జారింది. వెనక హారన్లు మోగుతుంటే అనంత్ అద్దం దించకుండా లోపలే కూర్చున్నాడట. తాడు కట్టి లాక్కెళ్ళారు. గేరుబాక్సు పూర్తిగా పోయిందనీ, మూడో సర్వీసు చేయించలేదు కనక వారంటీ చెల్లదనీ, ఖర్చు మొత్తం అనంతే పెట్టుకోవాలనీ సర్వీసు సెంటరు వాళ్ళు చెప్పారు.

ఆ మధ్యాహ్నం అనంత్ హైమని హాల్లో సోఫా ముందు నిలబెట్టాడు. కోప్పడలేదు. అందుకే ఆమెకి భయం వేసింది. సీను చెప్పేటప్పటి గొంతుతో మెల్లిగా మొదలుపెట్టాడు.

"ఆ పిల్ల ఫోన్ చేసింది, కాదనొద్దు. కానీ ఏమంది? 'కిలోమీటర్లు కాలేదు కదా మేడమ్, తొందరేం లేదు, తర్వాత తెచ్చుకోండి' అంది. అర్థమైందా? తప్పు వాళ్ళ స్టాఫ్‌ది. అప్పుడు కంపెనీయే భరించాలి."

"ఆ అమ్మాయి అలా అనలేదండీ. ఆ మాట మీరన్నారు."

"ఎవరన్నారని కాదు, ఎవరన్నట్టు చెప్తావన్నది ముఖ్యం. ఊఁ, చెప్పు."

హైమ చెప్పింది. అతను పెదవి విరిచాడు. "పాఠం అప్పజెప్పినట్టుంది. 'తొందరేం లేదు' దగ్గర గొంతు వణకాలి. ఏడుపు అప్పుడే వద్దు. 'మా ఆయన నన్ను ఇంట్లోంచి గెంటేస్తారు సార్' అన్నాక రావాలి. నీకివన్నీ కొత్తా ఏంటి?"

కొత్త కాదు. పెళ్ళికి ముందు ఆరేళ్ళు హైమ డబ్బింగ్ చెప్పింది. తెలుగు రాని హీరోయిన్లు తెరమీద పెదవులు కదిపితే, చీకటి గదిలో మైకు ముందు నిలబడి వాళ్ళ నవ్వులూ ఏడుపులూ ఈమె ఇచ్చేది. అనంత్ ఆమెను చూసింది అక్కడే. పెళ్ళయ్యాక, "డైరెక్టరు పెళ్ళాం ఎవర్తెకో గొంతు అరువివ్వడమేంటి?" అని మాన్పించాడు. పదకొండేళ్ళ తర్వాత ఇవాళ ఆ గొంతు మళ్ళీ అవసరపడింది. ఆరుసార్లు చెప్పించాడు. ఆరోసారికి "ఓకే" అన్నాడు.

మర్నాడు సర్వీసు సెంటర్లో మేనేజరు గదిలో అనంత్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. హైమ మొదలుపెట్టింది. మొదటి వాక్యం ఎండిపోయినట్టు వచ్చింది. రెండో వాక్యానికి ఊపిరి దానంతటదే సర్దుకుంది. ఎక్కడ ఆగాలో, ఏ మాటని సగం మింగాలో ఆమె గొంతుకి తెలుసు. ఎదురుగా మేనేజరు మొహం మెత్తబడటం కనిపిస్తోంది. అది కనిపించినకొద్దీ ఆమె లోపల చాలాకాలంగా పడుకున్నదేదో లేచి ఒళ్ళు విరుచుకుంది. ఆమె తనను తాను క్షమించుకోలేకపోయింది ఆ క్షణానికే. అబద్ధం చెబుతున్నందుకు ఆమెకి సిగ్గు వెయ్యలేదు. బాగా చెబుతున్నానన్న సంతోషం వేసింది.

మేనేజరు స్ఫూర్తిని పిలిపించాడు. ఆ అమ్మాయి పలకరింపుగా నవ్వుతూనే లోపలికి వచ్చింది.

"తొందర లేదని మేడమ్‌కి చెప్పావా?"

"నేనా? లేదు సార్. వారంటీ పోతదని మూడుసార్లు చెప్పిన. మేడమ్, మీరే చెప్పండి. సార్‌తోని మాట్లాడి తెస్తా అన్నరు గద?"

"కంప్యూటర్లో ఒక్క కాల్ కూడా ఎక్కించి లేదే?"

"నా ఫోన్లకెల్లి చేసిన సార్. సార్ వాళ్ళ ఆఫీసు నంబరుకు చేస్తే ఎవ్వరు ఎత్తుతలేరని..."

"కస్టమర్‌తో సొంత ఫోన్లో మాట్లాడకూడదని రూల్ ఉందా లేదా?"

స్ఫూర్తి మేనేజరు నుంచి మొహం తిప్పింది. హైమ వైపే చూస్తోంది. ఇంకా నమ్మకంగానే చూస్తోంది. పక్కనుంచి అనంత్ వేలు కుర్చీ చేతి మీద మెల్లగా ఒకసారి తట్టింది. షూటింగులో ఆర్టిస్టు మాట మర్చిపోతే అతను అలాగే తడతాడు.

"నువ్వే కదమ్మా, కిలోమీటర్లు కాలేదు, తొందరేం లేదన్నావు," అంది హైమ. గొంతు సరిగ్గా అక్కడే వణికింది. "మా ఆయన నన్ను ఇంట్లోంచి గెంటేస్తారు సార్." కన్నీళ్ళు వచ్చాయి. నిజమైనవే వచ్చాయి. అవి ఎవరి కోసం వచ్చాయో ఆ గదిలో ఎవరూ అడగలేదు.

సినిమావాళ్ళతో గొడవెందుకని కంపెనీ గేరుబాక్సు ఉచితంగా మార్చడానికి ఒప్పుకుంది. స్ఫూర్తిని రేపట్నుంచి రావద్దంది. ఆ అమ్మాయి మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెడుతుంటే దాని తాడు జడకి చిక్కుకుంది. లాగితే నాలుగు వెంట్రుకలు దానితోపాటే వచ్చాయి.

ఆదివారం అనంత్ నలుగురు స్నేహితులని భోజనానికి పిలిచాడు. హైమ వంటింట్లో చేపముక్కలు వేయిస్తోంది. హాల్లోంచి కేక. "హైమా! ఒకసారి రా. ఆ సీను వీళ్ళకి చేసి చూపించు."

"పొయ్యి మీద నూనె ఉందండీ."

"నూనె ఎక్కడికీ పోదు. రావే!"

కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. అయిదుగురు మగవాళ్ళు, దివాను మీద అత్తగారు, ఆవిడ ఒళ్ళో హైమ తొమ్మిదేళ్ళ కూతురు మహతి. హైమ చెప్పింది. గొంతు వణకాల్సిన చోట వణికింది. ఏడవాల్సిన చోట ఏడ్చింది. చప్పట్లు కొట్టారు. "ఆ పిల్ల మొహం చూడాల్సింది బాబూ!" అని అనంత్ స్ఫూర్తిలా నోరు తెరిచి, "నేన్ జెప్పలే సార్" అంటూ వెక్కిరించాడు. నవ్వులు ఆగలేదు. "మొగుడి పరువు కోసం ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?" అంది సీతామహాలక్ష్మి, మొదటిసారి కోడల్ని మెచ్చుకుంటూ. లోపల చేపలు మాడిన వాసన వచ్చింది. అందుకు మళ్ళీ తిట్లు పడ్డాయి.

సోమవారం పొద్దున మహతి నానమ్మ కళ్ళజోడు మీద కూర్చుని విరగ్గొట్టింది. హైమ గుమ్మంలోంచి చూసింది. నానమ్మ స్నానం చేసి వచ్చి అడిగేసరికి మహతి ఇల్లు తుడిచే చిన్ని వైపు వేలు చూపించింది. "చిన్నీ ఆంటీ అక్కడ పెట్టింది నానమ్మా. నేను వద్దన్నాను." పిల్ల గొంతు వణికింది. ఒక్క క్షణం ఆగి, అప్పుడు కళ్ళలో నీళ్ళు తెచ్చుకుంది. అచ్చంగా, ఎక్కడ ఆగాలో అక్కడే ఆగి.

చిన్ని చీపురు పట్టుకుని నిలబడిపోయింది. ఏమన్నా ఎవరు వింటారన్నట్టు నేల చూసింది.

"అది అబద్ధం అత్తయ్యా. మహతే విరగ్గొట్టింది. నేను చూశాను," అంది హైమ. అత్తగారు కళ్ళజోడు ముక్కలు పట్టుకుని కూడా నవ్వింది. "పోనీలే, ఎంత బాగా చెప్పిందీ! నీ కూతురే." మహతి తల్లి వంక చూసి, మెచ్చుకుంటుందేమోనని, కొంచెం నవ్వింది.

ఆ నవ్వుతో ఇంక ఇంట్లో నిలబడలేకపోయింది హైమ. కూతుర్ని బడికి పంపి, ఆటో ఎక్కి రహమత్‌నగర్‌లో దిగింది. తన ఫోన్లో ఉన్న స్ఫూర్తి నంబరుకి చేస్తే మొదట ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, "వస్తే రండి" అని సందు గుర్తు చెప్పి పెట్టేసింది. ఇరుకు సందులో మూడో అంతస్తు. స్ఫూర్తి తలుపు సగమే తీసింది. లోపలికి రమ్మనలేదు.

"తప్పయిపోయిందమ్మా. నన్ను క్షమించు," అంది హైమ.

"మంచిగనే మాట్లాడుతరు మేడమ్. ఆ రోజు గూడ మంచిగనే మాట్లాడిండ్రు." ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. "ఇంకో రెండు షోరూములల్ల అడిగిన. కస్టమర్‌కు అబద్ధం చెప్పిందట అని అందరికి తెలిసిపోయింది. మీ సారీతోని నేనేం జెయ్యాలె? కాగితం మీద రాసియ్యుండ్రి."

"రాస్తే... వాళ్ళు వారంటీ వెనక్కి తీసుకుంటారు."

"తీసుకుంటరు."

హైమకి అనంత్ మొహం కళ్ళముందు కనిపించింది. కంచం విసిరే చెయ్యి, కొట్టడానికి తలుపు వేసేముందు చెప్పులు విడిచే పద్ధతి, అన్నీ కనిపించాయి. ఆ తర్వాత, మెచ్చుకోలు కోసం తనవైపు చూసిన తొమ్మిదేళ్ళ మొహం కనిపించింది. కాగితం అడిగింది. స్ఫూర్తి తన పాత కాలేజీ నోట్సులోంచి ఒక తెల్లకాగితం చించి, పెన్నూ ఇచ్చింది. హైమ మెట్ల మీదే కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రాసింది. మూడు ఫోన్ల తేదీలు తన ఫోన్లో చూసి రాసింది. స్ఫూర్తి చెప్పినదేంటో, భర్త అన్నదేంటో, తను మేనేజరు గదిలో చెప్పినదేంటో రాసింది. అచ్చం ఇలాంటిదే ఇంకోటి రాసి కంపెనీ పెద్దాఫీసుకి తనే పోస్టు చేస్తానంది.

స్ఫూర్తి తీసుకుని నిదానంగా చదివింది. చివరికి వచ్చి ఆగింది.

"'పొరపాటున అబద్ధం చెప్పాను' అని రాసిండ్రు. అది కొట్టెయ్యుండ్రి."

హైమ తలెత్తి చూసింది. ఆ అమ్మాయి పెన్ను చాపింది. హైమ 'పొరపాటున' మీద గీత కొట్టి, పైన చిన్న అక్షరాలతో 'తెలిసే' అని రాసింది.

స్ఫూర్తి మళ్ళీ చదువుకుంది. అప్పుడు, ఆ రోజు మొదటిసారి, ఆమె మొహంలోకి సూటిగా చూసింది.

"సార్ ఊకుంటడా మేడమ్?"

"ఊరుకోడు," అంది హైమ. సంతకం పెట్టింది.